ఉద్దాలు

బోర్డు తిరగబడి
నాలుగు చక్రాలూ గాలిలో తిరుగుతుంటే
నాకు తాబేలే గుర్తొస్తది.
అన్న పేరు కుర్మన్న.
కురుమూర్తి సామి పేరు.
కంపెనీవాళ్ళకు నోరు తిరగలేదు,
బోర్డు కింద 'కర్మ' అని అచ్చేసిన్రు.
అన్న నవ్విండు. సంతకం పెట్టిండు.

రెండువేల ఎనిమిదిల మేస్త్రీ ఎనక
పదకొండు మందిమి బెంగుళూరుల బస్సు దిగినం.
హెన్నూరు అవతల రేకుల షెడ్డు.
అమ్మ తట్ట మోస్తుంటే
మేము పద్నాలుగో అంతస్తుల
గోడలింకా లేవని గదుల్లో
ఈడ వంటిల్లు, ఈడ దేవుడు అని
బొగ్గుతో గీసుకునేటోళ్ళం.
ఇల్లు పూర్తయినంక గేటు కాడనే ఆపిండు వాచ్‌మన్.
"యారో నీను?"
మేము నేర్చిన మొదటి కన్నడం అదే.

మొదటి బోర్డు బేస్‌మెంట్‌ల దొరికింది,
ఎవరో పిల్లగాడు పారేసింది.
మూడు చక్రాలే ఉండె.
నాలుగోది అన్న సూట్‌కేసుకు పీకి పెట్టిండు.
అది ఎంత నెట్టినా ఎడమకే పోయేది.
ఇయ్యాల్టికీ అన్న ఎడమకు తిరిగితే
జడ్జీలు పెన్ను ఆపి చూస్తరు.

రాత్రి మాల్ మూసినంక
పార్కింగు మెట్ల కాడ
నేను ఫోన్ పట్టుకునేదాన్ని.
ఒక్క దూకుడుకు నూట నలభై సార్లు.
నూట ముప్పై తొమ్మిది పడటాలు
నా ఫోన్లనే ఉన్నయి.
లోకం చూసింది ఒక్కటే,
నాలుగు సెకన్లు.

షూ కంపెనీ డబ్బా వచ్చిన రోజు
అమ్మ ఆ జతను రెండు చేతులా ఎత్తి
నెత్తికి తాకించుకున్నది,
జాతరల సామి ఉద్దాలు తాకించుకున్నట్టు.
తర్వాత కింద పెట్టి అన్నది:
"ఊరికే చెప్పులిస్తున్నరంటే
ఎంత నడిపిస్తరో బిడ్డా."
సామికి ఏటికొక జత.
అన్నకు మూడు వారాలకే
కుడికాలు చిటికెనవేలు కాడ బొక్క.

ప్రో అంటే ఏందిరా?
"బోర్డు కింద నా పేరుంటదే."
కిందనా? రాసుకపోదా?
"పోతది. పోవాలె.
పోలేదంటే ఆడనట్టు."

అమ్మ పోటీకి వచ్చింది ఒక్కసారే.
అందరూ అన్నను చూస్తుంటే
అమ్మ వంగి, బౌల్ అంచును
అరచేత్తో రాసి చూసింది.
"ఎన్ని దినాలు తడిపిన్రు?"
నిర్వాహకునికి తెలుగు రాదు, దండం పెట్టిండు.
"పగుల్తది" అన్నది నాతోని.

రెండో ఏడు పగిలింది.
ఎంట్రుకంత సందు.
అందుల్నే చక్రం ఇరికింది.

మోకాలి లోపల తాడేదో తెగిందన్నరు.
కంపెనీ ఆర్నెల్లు ఆగింది, మంచోళ్ళే.
తర్వాత ఒక మెయిల్.
మిగిలిన 'కర్మ'లన్నీ సగం ధరకు అమ్మిన్రు.
ఒకటి మేమూ కొన్నం.
దాని మీద పెట్టుకొనే
అమ్మ ఉల్లిగడ్డలు కోస్తది.

ఇప్పుడు సర్జాపూర్ దిక్కు కొత్త పార్కు పోస్తున్నరు.
అన్న తాపీ పట్టిండు.
వంపు ఎంత దూరం లేవాలో
ఎక్కడ ఆగాలో
ఇంజనీరుకు కాయితం చెప్తది,
అన్నకు మోకాలు చెప్తది.
అమ్మ గోనెపట్టాలు పరిచి పైపుతో తడుపుతది.
ఇరవై ఎనిమిది దినాలు.
ఒక్క దినం తగ్గనియ్యదు,
మంత్రి వస్తున్నడన్నా.

కంచె అవతల పిల్లలు
బోర్డులు చంకల పెట్టుకొని నిలబడతరు.
నిన్న ఒకడు మాత్రం
షెడ్ల దిక్కు నుంచి ఉత్త చేతులతో వచ్చిండు.
రేకు సందుల దూరి
తడి అంచు మీద కాలు పెట్టబోయిండు.
"యారో నీను?" అన్నది అమ్మ,
అదే కన్నడం.
వాడేదో చెప్పిండు. ఒడియా కావొచ్చు.
నాకూ తెల్వలేదు, అమ్మకూ తెల్వలేదు.
అమ్మ పైపు వాని చేతికిచ్చి
చాయ్‌కి పోయింది.